ఐసుదిమ్మె మీద నిలబడ్డ రోజు

పిల్లలూ, తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఏడో తరగతి చదివే మా చిన్న మనవరాలు అడిగింది: "తాతయ్యా, మా సైన్సు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఇంగ్లీషు కథలకి మాత్రం తెలుగు పేజీ ఎందుకు పెట్టలేదు?"

పుస్తకం తీసి చూశాను. ప్రతి ఇంగ్లీషు మాట నెత్తినా పెన్సిల్‌తో ఒక తెలుగు మాట. పేజీ నిండా చీమలబారు. "కథలో ఏం జరిగిందమ్మా?" అంటే బిక్కమొహం వేసింది. మాటలన్నీ తెలుసు, కథ తెలీదు. ఆ రోజు తనకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం అందుకే.

మీరు పెళ్లింటికి వెళ్తారు. వచ్చినవాళ్లందరి పేరూ వరసా చెబితేగానీ లోపలికి రామని గుమ్మంలో నిలబడతారా? చక్కా వెళ్లి బంతిలో కూర్చుంటారు. తాళాలగుత్తి నడుముకు దోపుకుని తిరిగే ఆవిడ పెళ్లికూతురి మేనత్త అని సాయంత్రానికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పొద్దుట్నుంచీ అందర్నీ కసురుతూ, అప్పగింతల వేళకి పందిరి గుంజ చాటున కళ్లు తుడుచుకునే ఆయన ఎవరో కూడా తెలిసిపోతుంది. కథలో మాటలూ అంతే. మొదటి పేజీలో మూతి ముడుచుకున్న మాట మూడో పేజీలో తనే పలకరిస్తుంది. కొందరు చుట్టాలు చివరిదాకా అంతుపట్టరు. పర్వాలేదు, భోజనం ఆగదు. మరీ దారికడ్డంగా కూర్చున్నవాళ్ల సంగతి మాత్రం అమ్మమ్మ చెవిలో అడుగుతాం. నిఘంటువు ఆ అమ్మమ్మ. మనిషి మనిషికీ ఆవిణ్ణి లేపితే ఆవిడకీ భోజనం ఉండదు, మీకూ ఉండదు.

మా రోజుల్లో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది. తరవాతెప్పుడో నాన్‌డిటెయిల్ అనే ఇంగ్లీషు కథల పుస్తకంలో ఒక కథ వచ్చింది. ఒక పిల్ల చెప్పుల్లేకుండా స్నోలో నడుస్తూ ఏడుస్తుంది. స్నో అంటే మంచు అని నేనూ పైన రాసుకున్నాను. మంచంటే నాకు తెలిసింది ధనుర్మాసంలో గడ్డివాముల మీద పరుచుకునేది, తెల్లారి గరిక మీద మెరిసేది. అందులో మేం రోజూ ఉత్తికాళ్లతోనే గేదెల్ని తోలుకెళ్లేవాళ్లం. దానికింత ఏడుపేమిటి, గారాల పిల్ల కాబోలు అనుకున్నాను.

కొన్నాళ్లకి సంతలో, చేపల గంపల పక్కన, ఊకలో పడి ఉన్న ఐసుదిమ్మె కనిపించింది. ఉత్తికాళ్లతో ఎక్కి వంద లెక్కపెడదామనుకున్నాను. నలభై దాటలేదు. అరికాళ్లు ముందు భగ్గుమన్నాయి, తరవాత మొద్దుబారాయి, అవి నావి కావేమో అనిపించింది. ఆ రాత్రి లాంతరు ముందు ఆ కథ మళ్లీ తీశాను. ఆ పిల్లని తప్పుగా అనుకున్నందుకు ఏడుపొచ్చింది. పైన రాసుకున్న అర్థం సరైనదే. నా కాళ్లకే అది తెలీదు.

మనం తెలుగునుంచి ఇంగ్లీషులోకి వెళ్తున్నట్టే ఇంగ్లీషునుంచి తెలుగులోకి వచ్చినాయనా ఉన్నాడు. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర 1820లో ఉద్యోగానికి కడప వచ్చేనాటికి 22 ఏళ్లు నిండలేదు. ఆయన్ని తెలుగు సాహిత్యంలోకి లాగినవి వేమన పద్యాలు. వాటిని ఇంగ్లీషులో పెట్టి 1829లో అచ్చువేయించాడు. ఆయన తెలుగు నిఘంటువు అచ్చయింది 1852లో. ముందు పద్యం, తరవాత నిఘంటువు.

అమ్మలూ, నీళ్లు ఎలా ఆవిరవుతాయో ఏ భాషలో చదివినా ఒకటే. కథకి తెలుగు పేజీ అచ్చువేసి ఇవ్వడం కుదరదు, అది మీ ఊళ్లోనే ఎక్కడో ఉంటుంది. నాకది చేపల సంతలో దొరికింది.

ఈ ఆదివారం పెన్సిల్ అమ్మకిచ్చెయ్యండి. కథ మొత్తం ఆగకుండా, పైకి చదవండి. తరవాత నానమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన చేరి తెలుగులో చెప్పండి. ఆవిడ "అయ్యో, అదెందుకలా చేసింది?" అంటుంది. జవాబు తోచకపోతే ఆ చోటు దాకా వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి. నానమ్మ ఇంకా ఏమేం అడిగిందో నాకు రాయండి.

మీ
తాతయ్య