రోడ్డు కలవని తీరం: ట్రినిడాడ్ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు,

ఆశీస్సులు. కరీబియన్ అనగానే మీకు గుర్తొచ్చేది తెల్లటి ఇసుక, లేత నీలం నీళ్లు, వరుసగా గొడుగులు, వెనకాల పెద్ద పెద్ద హోటళ్లు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకైతే బ్రయాన్ లారా. ఆ లారా పుట్టిన ట్రినిడాడ్ దీవిని మ్యాపులో వెతికి, దాని ఉత్తర తీరం వెంట వేలు పెట్టి పడమటి నుంచి తూర్పుకు జరపండి. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కొండ దాటి మరాకస్, లాస్ క్యూవాస్ మీదుగా వచ్చిన రోడ్డు బ్లాన్షిసూజ్ అనే ఊరు దాటగానే ఆగిపోతుంది. ఇప్పుడు ఈశాన్య మూలన ఉన్న టోకో నుంచి పడమటికి రండి. గ్రాండ్ రివియేర్ దాటాక మాటెలాట్ దగ్గర ఆ రోడ్డూ ఆగిపోతుంది. ఈ రెండు చివరల మధ్య దాదాపు 20 కిలోమీటర్ల మేర కొండ, అడవి, సముద్రం. కాలిబాటే దిక్కు. నేను రాయబోయేది ఆ తీరం గురించే.

అంత అందమైన చోట హోటళ్లు ఎందుకు లేవని అడుగుతారు కదా. మొదటి కారణం డబ్బు. ట్రినిడాడ్ వందేళ్లకు పైగా చమురు మీద, తర్వాత గ్యాస్ మీద బతుకుతోంది. పర్యాటకులను పిలిచే పని ఎక్కువగా చెల్లెలి దీవి టొబాగోకు వదిలేసింది. రెండో కారణం నీళ్లు. ట్రినిడాడ్‌కు వెనిజులా అతి దగ్గరి చోట 11 కిలోమీటర్లే. ఒరినోకో మహానది అక్కడే సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో ఆ బురద నీళ్లు దీవి చుట్టూ తిరిగి సముద్రాన్ని ఆకుపచ్చగా, ఒక్కోసారి గోధుమ రంగుగా మారుస్తాయి. మంచినీళ్లు, బురద కలిసే చోట పగడపు దిబ్బలు సరిగా పెరగవు. పగడం లేకపోతే పగడం అరిగి వచ్చే తెల్ల ఇసుకా ఉండదు, అలలను దూరంలోనే ఆపే గోడా ఉండదు. మూడో కారణం కొండ. నార్తర్న్ రేంజ్ కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. ఈశాన్యం నుంచి ఏడాదంతా వీచే గాలి అలలను ఆ కొండల మీదికే తోస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర అట్లాంటిక్ తుపానుల తాకిడికి పుట్టిన పెద్ద అలలు కూడా తోడవుతాయి.

హోటల్ కట్టేవాడికి అడ్డొచ్చిన ఈ లక్షణాలే ఇంకో ప్రాణికి సరిగ్గా సరిపోయాయి. లెదర్‌బ్యాక్ తాబేలుకు గట్టి చిప్ప ఉండదు, తోలు లాంటి చర్మం ఉంటుంది. రాళ్లు, పగడాలు ఉన్న చోట ఒడ్డెక్కితే ఒళ్లు చీరుకుపోతుంది. అందుకే లోతైన నీళ్లు ఒడ్డు దాకా వచ్చే, అడ్డంకులు లేని, వాలు ఎక్కువున్న ఇసుక తీరం కోసం చూస్తుంది. గ్రాండ్ రివియేర్ తీరం మొత్తం కొలిచినా కిలోమీటరు ఉండదు. అయినా మే, జూన్ నెలల్లో ఒక్కో రాత్రి వందల తాబేళ్లు అక్కడ ఒడ్డెక్కుతాయి. మన శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ తీరాలకు వచ్చే ఆలివ్ రిడ్లీ 35 నుంచి 45 కిలోలు ఉంటుంది. ఇది 300 నుంచి 500 కిలోలు. జెల్లీచేపలు తింటూ కెనడా తీరం దాకా ఈదుకుపోయి, రెండు మూడేళ్లకోసారి గుడ్లు పెట్టడానికి తిరిగొస్తుంది.

ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను, శ్రద్ధగా చదవండి. చీకటి పడ్డాక తాబేలు నీళ్లలోంచి వచ్చి, అలలు అందని ఎత్తుకు మెల్లగా పాకుతుంది. ముందు ఒళ్లు ఇమిడేంత పల్లం చేసుకుంటుంది. తర్వాత వెనక రెక్క కొసను గరిటెలా వంచి, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, ఇసుకను తీసి పక్కన పోస్తుంది. కళ్లతో చూడలేని ఆ గుంత 70, 80 సెంటీమీటర్ల లోతుకు తిన్నగా దిగుతుంది. అందులో 80 దాకా గుడ్లు పెడుతుంది. పైన పచ్చసొన లేని చిన్న గుడ్లు కొన్ని పడతాయి. గుడ్లు పెట్టే ఆ పది పదిహేను నిమిషాలే దానికి చుట్టుపక్కల ధ్యాస తక్కువగా ఉంటుంది. గైడ్లు దగ్గరికి రానిచ్చేది అప్పుడే, అదీ వెనక నుంచి. తర్వాత గుంత పూడ్చి, వెనక రెక్కలతో అదిమి, ముందు రెక్కలతో చుట్టూ ఇసుక చిమ్మి గుర్తు తెలియకుండా చేసి వెళ్లిపోతుంది. మొత్తం గంటన్నర నుంచి రెండు గంటలు. పది రోజులకు మళ్లీ వస్తుంది. ఒక సీజనులో ఇలా ఐదారు సార్లు. దాని కళ్ల నుంచి కారేది ఏడుపు అనుకోకండి, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది అలా బయటికి పంపుతుంది.

గుడ్లు పొదగడానికి రెండు నెలలు పడుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. పిల్లలు బయటికి వచ్చి, వెలుతురున్న వైపు సముద్రం అనుకుని పరుగెడతాయి. రాత్రి నీళ్ల మీది ఆకాశం అడవి కంటే కాస్త వెలుగ్గా ఉంటుంది కాబట్టి ఆ లెక్క కోట్ల ఏళ్లు సరిపోయింది. ఇప్పుడు ఒక్క వరండా బల్బు చాలు, అవి ఊరివైపు తిరిగిపోతాయి. తెల్లారాక రాబందులు, కుక్కలు కాచుకుని ఉంటాయి. ఫోన్ లైటు, కెమెరా ఫ్లాష్ వద్దనేది ఇందుకే. ఎర్ర లైటు తాబేలు కంటికి అంతగా ఆనదు గనక గైడ్లు అదే వాడతారు. పిల్లను ఎత్తి నీళ్లలో వేయాలని మీకు జాలి కలుగుతుంది. అలా చేయకూడదు, దాన్ని పాకనివ్వాలి. ఎప్పుడు సాయం చేయాలో ఊరివాళ్లకు తెలుసు.

మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా ఆ తీరంలో రాత్రిపూట అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి, వెంట ఊరి గైడు తప్పనిసరి. తూర్పు తీరంలోని మటూరాకు 1990లో, గ్రాండ్ రివియేర్‌కు 1997లో ఈ నియమం వచ్చింది. మటూరాలో ఒకప్పుడు మాంసం కోసం తాబేళ్లను నరికేవాళ్లు. అదే ఊరివాళ్లు 1990లో నేచర్ సీకర్స్ అనే సంఘం పెట్టి రాత్రి కాపలా మొదలుపెట్టారు. ఈ దేశంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే పని ఇదే.

అంత కాపలా ఉన్నా పొరపాట్లు జరుగుతాయి. గ్రాండ్ రివియేర్‌లో నది సముద్రంలో కలిసే చోటు నిలకడగా ఉండదు. ఇసుక అడ్డుపడితే నది తీరం వెంట పక్కకు పారి, గూళ్ల కింది ఇసుకను కోసేస్తుంది. 2012లో అలాగే జరిగింది. నదిని దారి మళ్లించడానికి జూలైలో భారీ యంత్రాలు దించారు. గూళ్లు నిండుగా ఉన్న నెల అది. గుడ్లు, పిల్లలు పెద్ద సంఖ్యలో వాటి కింద నలిగిపోయాయి. అదే పని తాబేళ్ల కాలం మొదలు కాకముందే, ఫిబ్రవరి లోపు చేసి ఉంటే ఆ నష్టం ఉండేది కాదు.

ఇక వెళ్లే దారి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సిటీ గేట్ అనే బస్టాండు ఉంది. అక్కడ మ్యాక్సీ టాక్సీలు, అంటే చిన్న బస్సులు దొరుకుతాయి. బండి ఒంటి మీది పట్టీ రంగును బట్టి అది ఏ దారిన పోతుందో తెలుస్తుంది. ఎర్ర పట్టీ తూర్పుకు, ఆకుపచ్చ పట్టీ దక్షిణానికి, పసుపు పట్టీ రాజధాని, పడమటి శివార్లకు. ఎర్ర పట్టీ బండిలో అరీమా, అక్కడి నుంచి సాంగ్రె గ్రాండే. సాంగ్రె గ్రాండే నుంచి టోకో, గ్రాండ్ రివియేర్ వైపు బళ్లు తక్కువ, నిండితేగాని కదలవు. ఆదివారం ఇంకా తక్కువ. నగదు, పెట్రోలు, మందులు సాంగ్రె గ్రాండేలోనే చూసుకోవాలి. సొంత కారులోనైతే రాజధాని నుంచి రెండున్నర మూడు గంటలు, రోడ్డంతా మలుపులే. మనలాగే ఎడమవైపు నడుపుతారు. అద్దె టాక్సీ నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలవుతుంది, సొంత కార్లది పి. పి నంబరుతో టాక్సీ తిప్పేవాళ్లూ ఉంటారు, మీరు ఎక్కకండి. బండి ఎక్కగానే లోపలివాళ్లందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పకుండా కూర్చుంటే మర్యాద తెలియనివాళ్లు అనుకుంటారు.

దారిలో టోకో దగ్గర గలేరా పాయింట్ లైట్‌హౌస్ ఉంటుంది, 1897లో కట్టింది. ఇప్పుడు దానికి కెషోర్న్ వాల్కాట్ పేరు పెట్టారు. ఆ మారుమూల ఊరి కుర్రాడు 19 ఏళ్ల వయసులో 2012 లండన్ ఒలింపిక్స్‌లో జావెలిన్ స్వర్ణం గెలిచాడు. నీరజ్ చోప్రా పోటీలు చూసినవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది.

పడమటి చివర బ్లాన్షిసూజ్ నుంచి పరియా బే దాకా నడకదారి ఉంది. మరియాన్ నది మీది పాత వంతెన దాటితే మొదలవుతుంది. వెళ్లడానికి రెండు, రెండున్నర గంటలు. అక్కడ సముద్రం తొలిచిన రాతి తోరణం, ఇసుక నుంచి లోపలికి పావుగంట నడిస్తే జలపాతం. ఎవరైనా తప్పు చేసేది సమయం విషయంలోనే. పది గంటలకు బయలుదేరి, జలపాతం దగ్గర ఆలస్యం చేసి, తిరుగుదారిలో అడవిలో చీకట్లో చిక్కుకుంటారు. ఉదయం ఏడింటికి కదలాలి, ఎక్కడున్నా సరే మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు. చెప్పులు పనికిరావు, జూన్ నుంచి డిసెంబరు దాకా బాటంతా జారుడు బురద. ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లకండి. బాట చీలే చోట్లున్నాయి, ఒంటరివాళ్లను దోచుకున్న సంఘటనలూ ఉన్నాయి.

ఈ తీరంలో ఈత గురించి గట్టిగా చెప్పాలి. మరాకస్, లాస్ క్యూవాస్‌లలో పగలు లైఫ్‌గార్డులు ఉంటారు. రోడ్డు ఆగిపోయిన చోట ఎవరూ ఉండరు. అలలు వరుసగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నునుపుగా, కాస్త ఇసుక రంగులో కనిపిస్తుంది. పిల్లలు అక్కడే దిగుతారు, ప్రశాంతంగా ఉందని. ఒడ్డుకు కొట్టిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదకండి, ఐదు నిమిషాల్లో ఒంట్లో సత్తువ అయిపోతుంది. తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితోపాటు ఒడ్డుకు రండి. మటూరా వైపు ఉన్న తూర్పు సముద్రంలోనైతే మోకాలి లోతు దాటకపోవడమే మంచిది.

మన సంబంధం కూడా చెప్పాలి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి ఒప్పంద కూలీలను ఈ దీవికి తెచ్చింది. 1917 దాకా సుమారు 1,44,000 మంది వచ్చారు. ఎక్కువమంది గంగా మైదానం వాళ్లే అయినా మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకు పండిన పడమటి మైదానంలో వాటర్లూ అనే చిన్న ఊరుంది. శివదాస్ సాధు అనే కూలీ అక్కడి ఒడ్డున గుడి కట్టాడు. ఆ నేల చెరకు కంపెనీది. గుడిని కూల్చి ఆయన్ను జైల్లో పెట్టారు. సముద్రం ఎవరి సొత్తూ కాదని, బయటికొచ్చాక సైకిలు మీద రాళ్లు, సిమెంటు మోసి, నీళ్లలోకే గట్టు వేసి ఏళ్ల తరబడి మళ్లీ కట్టుకున్నాడు. ఇప్పుడున్నది 1990లలో పునర్నిర్మించిన గుడి. ఆటు సమయంలో చుట్టూ బురదే ఉంటుంది, పోటు వేళ చూసుకుని వెళ్తే నీళ్ల మధ్య కనిపిస్తుంది. దగ్గర్లోనే కారాపిచైమాలో మైసూరు దత్తపీఠం వాళ్ల 85 అడుగుల హనుమంతుడు ఉన్నాడు.

టొబాగో గురించి కొద్దిగా. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి స్కార్‌బరోకు ఫెర్రీలో సుమారు మూడున్నర గంటలు. నైరుతి మూల చదునైన పగడపు నేల కావడంతో విమానాశ్రయం, హోటళ్లు అక్కడే చేరాయి. మిగతా దీవి అంతా కొండ. ఆ కొండమీది అడవిని కొడితే వానలు పోతాయని 1776లోనే చట్టం చేసి కాపాడారు. ఉత్తరం వైపు కాస్టారా అనే జాలరి ఊళ్లో పెద్ద వలను పడవతో అర్ధచంద్రంగా వేసి, రెండు కొసల తాళ్లను ఒడ్డు నుంచి లాగుతారు. మీరూ ఒక చెయ్యి వేయొచ్చు, కానీ అడిగి తాడు పట్టుకోండి. వల దగ్గరపడేటప్పుడు తాడు చుట్టల్లో కాలు పెట్టకండి. టొబాగో ఒడ్డున మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి దాని పండ్లు రాలి కనిపిస్తే తాకకండి. ఆ చెట్టు పాలు తగిలినా చర్మం బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడితే కారే నీళ్లు కూడా అంతే.

సంచిలో ఎర్ర లైటు, దోమల మందు, సాయంత్రం కుట్టే ఇసుక ఈగల కోసం పొడుగు చేతుల చొక్కా, తడవని కవరులో పాస్‌పోర్టు నకలు పెట్టుకోవాలి. మిలిటరీ మచ్చల బట్టలు మాత్రం పెట్టకండి. ఆ దేశంలో మామూలు జనం వాటిని వేసుకోవడం చట్టవిరుద్ధం, పిల్లలైనా సరే. తిరుగు ప్రయాణానికి బండి ఎప్పుడుందో వెళ్లిన రోజే డ్రైవరును అడిగి పెట్టుకోండి. గ్రాండ్ రివియేర్ నుంచి మొదటి బళ్లు తెల్లవారకముందే బయలుదేరతాయి.

మీ పెదనాన్న