బెల్టు ఆగిన తరువాతి నిమిషం

టీఎంటీ, అంటే నడిపిస్తూ గుండెను పరీక్షించే ట్రెడ్‌మిల్ పరీక్ష, చేయించుకున్నవారికి ఆ గది గుర్తుండే ఉంటుంది. ఛాతీ మీద తీగలు, కాళ్ళ కింద కదిలే బెల్టు, మూడు నిమిషాలకోసారి పెరిగే వేగమూ ఏటవాలూ. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రకటించిన పద్ధతే ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. రోగి నడిచినంతసేపూ డాక్టరు చూపు ఈసీజీ గీతలోని ఎస్‌టీ భాగం మీదే ఉంటుంది. అది కిందికి కుంగితే గుండె కండరానికి రక్తం చాలడం లేదని అనుమానం. బెల్టు ఆగగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నన్నడిగితే, గుండె తన గుట్టు విప్పేది అప్పుడే.

ఎస్‌టీ గీతను తక్కువ చేయడం లేదు. అయితే దానికీ ఒక హద్దు ఉంది. 1989లో 147 అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు, గుండె ధమనుల్లో పూడిక ఉన్న ప్రతి వందమందిలో సగటున 68 మందిని మాత్రమే అది పట్టుకోగలిగిందని తేలింది. పూడిక లేని వందమందిలో 23 మందికి ఉన్నట్టు చూపింది. అదే ఈసీజీ నుంచి గుండె గురించి ఇంకేమైనా రాబట్టవచ్చా?

రాబట్టవచ్చు. అందుకు స్పందనల ఆకారంతో పాటు వాటి మధ్య వ్యవధినీ చూడాలి. ఆరోగ్యవంతమైన గుండె గడియారంలా కొట్టుకోదు. నిమిషానికి 70 సార్లు అంటే ప్రతి స్పందనకూ కచ్చితంగా 857 మిల్లీసెకన్లు కాదు. ఒకటి 820, మరొకటి 900. ఊపిరి పీల్చినప్పుడు ఆ వ్యవధి తగ్గుతుంది, వదిలినప్పుడు పెరుగుతుంది. జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని నమోదు చేశాడు.

దీని వెనుక వేగస్ నాడి ఉంది. గుండెలోని లయారంభకాన్ని, అంటే ప్రతి స్పందననూ మొదలుపెట్టే సహజ పేస్‌మేకర్‌ను, దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మెదడు నుంచి దిగివచ్చే వేగస్ దాన్ని కళ్ళెంలా పట్టి ఉంచుతుంది. గుండె మార్పిడి జరిగినవారిలో ఆ నాడి తెగిపోతుంది కాబట్టి, వారి గుండె విశ్రాంతిలో కూడా వేగంగానే కొట్టుకుంటుంది, హెచ్చుతగ్గులు దాదాపు కనిపించవు.

నడక మొదలుపెట్టగానే కళ్ళెం వదులవుతుంది. గుండె వేగం వంద దాటేదాకా పెరుగుదలలో ఎక్కువ వాటా దీనిదే. ఆ తరువాత సహానుభూత నాడులు, అంటే శ్రమలో శరీరాన్ని ఉరికించే సింపథెటిక్ నాడులు, గుండెను తరుముతాయి. నిమిషానికి 150 స్పందనల దగ్గర వ్యవధి 400 మిల్లీసెకన్లకు చేరుతుంది, తేడాలు కొద్ది మిల్లీసెకన్లకు కుంచించుకుపోతాయి. విశ్రాంతికి తయారుచేసిన కొలబద్ద ఇక్కడ పనికిరాదు. పైగా గాఢంగా ఊపిరి తీసినప్పుడు లయారంభకం మీద పడే సాగుదల వల్లే వ్యవధిలో కొంత హెచ్చుతగ్గు పుడుతుంది. నాడులు తెగిన గుండెల్లోనూ అది కనిపిస్తుంది. అందుకే తేడా ఎంత అన్నదానికంటే, ఒక వ్యవధికీ దాని ముందువాటికీ పొంతన ఉందా అన్నదే పరిశోధకులు చూస్తున్నారు. డీఎఫ్‌ఏ అనే గణితంతో దీన్ని కొలుస్తారు: విశ్రాంతిలో 1 దరిదాపుల్లో ఉండే సూచిక, శ్రమ ముదిరేకొద్దీ 0.5 వైపు, అంటే పొంతనలేనితనం వైపు జారుతుంది. క్రీడాకారుల శిక్షణలో ఇది వాడుకలోకి వచ్చింది. గుండెజబ్బు నిర్ధారణకు ఆస్పత్రుల్లో ఇంకా స్థిరపడలేదు.

బెల్టు ఆగాక మాత్రం కథ స్పష్టంగా ఉంటుంది. వదిలిన కళ్ళేన్ని వేగస్ ఎంత త్వరగా తిరిగి అందుకుంటుంది? అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 2,428 మందిని ఆరేళ్ళపాటు గమనించి 1999లో ఫలితం ప్రకటించారు. వ్యాయామం ముగిసిన తొలి నిమిషంలో గుండె వేగం నిమిషానికి 12 స్పందనలు లేదా అంతకంటే తక్కువ మాత్రమే తగ్గినవారిలో, వయసు తదితర తేడాలను సరిచేసి చూసినా, మరణించే అవకాశం మిగతావారికి రెట్టింపు. ఆ పరీక్షలో చివర నెమ్మదిగా నడిపించారు. వెంటనే పడుకోబెడితే గీటురాయి 12 కాదు, 18.

ఇదే బృందం 2003లో మరో సంగతి తేల్చింది. ధమనుల్లో పూడిక ఎంత ఉన్నా, దానితో నిమిత్తం లేకుండా ఈ అంకె ప్రమాదాన్ని సూచిస్తుంది. అంటే ఇది గొట్టాల లెక్క కాదు, గుండెను నడిపే నాడుల లెక్క. ఈ రెంటినీ ఒకటే అనుకుంటే పొరబడతాం. అంకెలను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే పై గదులు లయ తప్పి అదిరే జబ్బు, ఉన్న గుండెలో స్పందనల తేడాలు విపరీతంగా ఉంటాయి, అది ఆరోగ్యం కాదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు అంకెలను మారుస్తాయి. దారితప్పిన ఒక్క స్పందన కూడా లెక్కను పాడుచేస్తుంది. చేయి ఊపుతూ పరుగెత్తేటప్పుడు చేతి గడియారంలోని కాంతి సెన్సర్ మిల్లీసెకన్లను నమ్మకంగా కొలవలేదు. ఛాతీకి కట్టే పట్టీ మేలు.

మధుమేహం ఏళ్ళతరబడి ఉన్నవారిని తలుచుకుంటే ఈ విషయం మీద నాకు పట్టుదల పెరుగుతుంది. చక్కెర నాడులను దెబ్బతీస్తుంది. గుండెకు రక్తం అందకపోయినా నొప్పి తెలియకపోవచ్చు. వేగస్ బలహీనపడిన సంగతి మాత్రం ఆ తొలి నిమిషంలో బయటపడగలదు. పాత టీఎంటీ కాగితాలు ఇంట్లో ఉంటే తీయండి. గుండె గరిష్ఠ వేగం ఒకచోట, రికవరీ (బెల్టు ఆగాక) తొలి నిమిషం చివరి గుండె వేగం మరోచోట ముద్రించి ఉంటాయి. మొదటిదానిలోంచి రెండోది తీసివేసి, వచ్చిన అంకెను ఈసారి డాక్టరుకు చూపించండి.