స్టెంట్: మందు పూత ఉన్నదా, లేనిదా? అపోహలు - వాస్తవాలు

యాంజియోగ్రామ్ చూసి "స్టెంట్ వేయాలి" అనగానే రోగి బంధువులు రెండో ప్రశ్నగా అడిగేది "ఏ రకం డాక్టర్ గారూ?" అనే. స్టెంట్ అంటే ఇరుకైన గుండె నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం; కొన్నిటికి మందు పూత ఉంటుంది, కొన్ని ఉత్త లోహమే. అడగాల్సిందే. కానీ దాని వెనుక ఉండే నమ్మకాల్లో సగం పాతబడిపోయినవి.

అపోహ: రెండూ ఒకటే, మందు పూతది ఆసుపత్రి లాభానికే.

ఒకటి కాదు. బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేసి స్టెంట్‌ను గోడకు అదిమినప్పుడు లోపలి పొర గాయపడుతుంది. ఆ గాయం మానేటప్పుడు కండర కణాలు మితిమీరి పెరిగితే స్టెంట్ లోపలే దారి మళ్ళీ ఇరుకవుతుంది. ఉత్త లోహపు స్టెంట్లలో నూటికి 20 నుంచి 30 మందికి ఇలా జరిగేది, అదీ చాలావరకు మొదటి ఏడాదిలోపే. సిరోలిమస్ వంటి మందు ఆ కణాల విభజనను అణచివేస్తుంది. దాంతో ఆ సంఖ్య పదికి అటూ ఇటూ దిగింది. షుగరు ఉన్నవారిలో, సన్నటి నాళాల్లో, పొడవాటి బ్లాకుల్లో ఈ మేలు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక ధర సంగతి: 2017 ఫిబ్రవరిలో కేంద్రం లోహపు స్టెంట్‌కు రూ. 7,260, మందు పూతదానికి రూ. 29,600 గరిష్ఠ ధర పెట్టింది. ఆ తర్వాత సవరణలు జరిగాయి కానీ, నియంత్రణ మాత్రం ఉంది. బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపమని అడగండి.

అపోహ: మందు పూతది వేయిస్తే ఆయుష్షు పెరుగుతుంది.

నార్వేలో 9,013 మందిపై జరిగిన నార్‌స్టెంట్ అధ్యయనం 2016లో వెలువడింది. ఆరేళ్ళలో మరణం లేదా గుండెపోటు మందు పూత వర్గంలో 16.6 శాతం, లోహపు వర్గంలో 17.1 శాతం. తేడా లేనట్టే. మళ్ళీ యాంజియోప్లాస్టీయో బైపాసో అవసరమైనవారు మాత్రం మందు పూత వర్గంలో 16.5, లోహపు వర్గంలో 19.8 శాతం. అంటే తగ్గేది రెండోసారి టేబుల్ ఎక్కే బాధ. అది చిన్న విషయమేమీ కాదు, కానీ ఆయుష్షు పేరు చెప్పి అమ్మడం నాకు నచ్చదు.

అపోహ: మందు పూత స్టెంట్లలో తర్వాతెప్పుడో రక్తం గడ్డకడుతుంది.

ఈ భయం 2006లో బార్సిలోనాలో జరిగిన గుండె వైద్యుల సదస్సు తర్వాత పుట్టింది. అప్పట్లో దానికి ఆధారం ఉంది. తొలి తరం స్టెంట్ల తీగలు 140 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు మందం, వాటి పాలిమర్, అంటే మందును పట్టి ఉంచే ప్లాస్టిక్ లాంటి పొర, కూడా నాళపు గోడకు పడేది కాదు. ఇప్పటివి 80 మైక్రాన్లు, అంతకన్నా సన్నం. నార్‌స్టెంట్‌లో గడ్డకట్టడం కొత్త తరం మందు పూత వాటిలోనే తక్కువ: 0.8 శాతం, లోహపు వాటిలో 1.2.

అపోహ: రక్తస్రావం ముప్పున్న పెద్దవాళ్ళకు లోహపుదే మేలు, రక్తం గడ్డకట్టకుండా వాడే రెండు మాత్రలు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి) నెలతో ఆపేయవచ్చు.

నేను చదువుకునే రోజుల్లో ఇదే పాఠం. 2015లో లీడర్స్ ఫ్రీ అధ్యయనం సరిగ్గా అలాంటి 2,466 మందిని తీసుకుంది. ఇరువర్గాలకూ రెండు మాత్రలు ఒక్క నెలే ఇచ్చారు. పాలిమర్ లేని మందు పూత స్టెంటే భద్రతలోనూ ఫలితంలోనూ ముందుంది. లోహపు స్టెంట్‌కు మిగిలిన చివరి వాదన అలా పోయింది.

అపోహ: పూత అయిపోతే స్టెంట్ మార్చాలి.

మందు కొన్ని నెలల్లో అయిపోతుంది, అయిపోవాలి కూడా. అప్పటికి గాయం మానుతుంది. లోహం జీవితాంతం అక్కడే ఉంటుంది.

ఏ రకమైనా అసలు ప్రమాదం పన్ను తీయించుకోవడానికి వెళ్ళి క్లోపిడోగ్రెల్ మానేసినప్పుడే. మామూలుగా వేసిన స్టెంట్‌కు ఆరు నెలలు, గుండెపోటులో వేసినదానికి ఏడాది రెండు మాత్రలూ వాడమంటాం. రక్తస్రావం ముప్పును బట్టి ఈ గడువు మారవచ్చు. ఆపాలా వద్దా అనేది స్టెంట్ వేసిన డాక్టరును అడిగే తేల్చుకోండి. స్టెంట్ పేరు, కొలతలు, వేసిన తేదీ ఉన్న కార్డును పర్సులోనే ఉంచుకోండి.