కొండ కనపడితే వైన్ రుచి మారుతుందా?

గ్లాసులో పోసేది రెండు గుక్కలకి మించి ఉండదు. దాన్ని గిరగిరా తిప్పుతారు. ముక్కు గ్లాసులోకి దూర్చి వాసన చూస్తారు. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలిస్తారు. చివరికి పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. మొదటిసారి చూసిన మనవాళ్లెవరైనా "అంత డబ్బు పెట్టి కొని ఉమ్మేయడమేంటి?" అనుకోకుండా ఉండలేరు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టెలెన్‌బాష్‌లో, దాని పక్క లోయ ఫ్రాన్స్‌హుక్‌లో, కేప్‌టౌన్‌ని ఆనుకునే ఉన్న కాన్‌స్టాన్షియాలో, వైన్ తీసే ద్రాక్షతోటల్లో రోజూ జరిగే తంతు ఇదే.

దీనికోసం జనం ఖండాలు దాటి వస్తారు. తోట మధ్యలో తెల్ల సున్నం గోడలతో, గడ్డి కప్పుతో పాతకాలపు డచ్చి ఇల్లు. దాన్నే ఇప్పుడు హోటల్ చేశారు. కిటికీ తెరిస్తే కొండ. ఫ్రాన్స్‌హుక్‌లో అయితే తోట నుంచి తోటకి తిప్పడానికి ఒక ట్రామ్ కూడా ఉంది. సాయంత్రం బల్ల మీద ఐదారు రకాల వైన్లు, పక్కన చీజ్, చాక్లెట్ ముక్కలు. గది అద్దె సంగతి ఎత్తకపోవడమే మంచిది.

ఇదే వైన్‌ని సీసాతో ఇంటికి తెచ్చుకుని స్టీలు గ్లాసులో పోసుకుంటే ఇదే రుచి ఉంటుందా? ఉండదనే అంటారు వెళ్లొచ్చినవాళ్లు. గొప్పలు పోతున్నారనుకుంటాం గానీ, వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. ఆ కొండ గ్లాసులోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ద్రాక్షతీగ మీదుగా, రెండోది మన తల మీదుగా.

తల సంగతి కంటే ముందు ముక్కు సంగతి చూద్దాం. పంచదారలో కాస్త ఏలకుల పొడి కలిపి, ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు నోట్లో వేసుకోండి. తీపి తప్ప ఇంకేమీ తెలియదు. ముక్కు వదిలేయండి, ఏలకుల వాసన గుప్పున తగులుతుంది. నాలుక పట్టుకునేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగుల్లో, మాంసం పులుసులో తగిలే కమ్మదనం) అనే ఐదే. మిగతాదంతా నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే గాలి మోసుకెళ్లే వాసన. దాన్ని పసిగట్టడానికి మన ముక్కులో దాదాపు 400 రకాల గ్రాహకాలున్నాయి. మనం "రుచి" అంటున్నదాంట్లో పెద్ద వాటా ముక్కుదే. గ్లాసు తిప్పేది వైన్ ఎక్కువ మేర గాలికి తగిలి వాసనలు పైకి లేవడానికి. గ్లాసులో మూడొంతులు ఖాళీగా వదిలేది ఆ వాసనలు నిలవడానికి. ఉమ్మేసినా నష్టం లేదు, ఆ తర్వాత ఊపిరి వదిలినప్పుడు కూడా వాసన ముక్కుకి అందుతూనే ఉంటుంది. ఉమ్మకపోతే మాత్రం ఐదో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి అన్నీ బ్రహ్మాండంగానే ఉంటాయి.

"ఈ షిరాజ్‌లో మిరియాల ఘాటు ఉంది" అని ఆ పేరున్న ఎర్ర వైన్ తాగుతూ పక్కవాడు అంటే కవిత్వం అనుకోనక్కర్లేదు. మిరియాలకి ఆ వాసననిచ్చే రోటన్‌డోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. తమాషా ఏంటంటే, ఐదుగురిలో సుమారు ఒకరికి ఆ వాసన అస్సలు తెలియదు. కాబట్టి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరు ఉందనీ, ఇంకొకరు లేదనీ వాదించుకుంటుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారన్నమాట. అలాగే సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో వచ్చే పచ్చి క్యాప్సికమ్ వాసన పైరజిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. జామపండు లాంటి ఇంకొన్ని పళ్ల వాసనలు గంధకం ఉన్న థయోల్స్ అనే పదార్థాల పని. ఇవి లీటరు వైన్‌కి గ్రాములో పది లక్షో వంతు ఉన్నా చాలు, ముక్కు పట్టేస్తుంది.

ఇక ఎర్ర వైన్‌లో నాకు బాగా నచ్చే విషయం వగరు. తెల్ల వైన్‌కి రసం మాత్రమే పులియబెడతారు. ఎర్ర వైన్‌కైతే రసంతో పాటు తొక్కలూ గింజలూ కూడా తొట్టిలోనే ఉంటాయి. రంగూ అక్కడి నుంచే, వగరునిచ్చే టానిన్లూ అక్కడి నుంచే. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు కొన్నున్నాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. జారుడు పోతుంది, బుగ్గలు లోపల పట్టేసినట్టవుతాయి. దీన్ని వర్ణించడానికి ఇంగ్లీషు టేస్టర్లు మఖమల్ అంటారు, పట్టు అంటారు, గరుకు కాగితం అంటారు, బట్టల కొట్లో తిరిగినట్టు తిరుగుతారు. మనకా అవస్థ లేదు. జామ పిందె కొరికిన ప్రతి పిల్లాడికీ వగరు తెలుసు. పైగా మనం దాన్ని షడ్రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టి ఉగాది పచ్చడిలో మామిడి ముక్కతో వేసుకుంటాం. ఆధునిక శాస్త్రం మాత్రం దాన్ని రుచి కన్నా స్పర్శ వైపుకే ఎక్కువ తోస్తుంది, ఎందుకంటే అది నాలుక మీదే కాదు, నోరంతా తగులుతుంది. ఈ విషయంలో వాదన పూర్తిగా తెగలేదు.

అరటిపువ్వు కూర చేసేవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. తరిగిన పువ్వుని మజ్జిగలో వేస్తారు. మజ్జిగ పులుపు వల్ల అది నల్లబడదు, అందులోని పాల ప్రొటీన్ వగరుని పట్టుకుంటుంది. టేస్టింగ్ బల్ల మీద ఎర్ర వైన్ పక్కన చీజ్ పెట్టడంలో ఉన్న కిటుకూ అదే. చీజ్‌లో ప్రొటీనూ కొవ్వూ టానిన్లకి తగలడంతో లాలాజలం కాస్త తెరిపిన పడుతుంది. వైన్ తయారీలో వగరు మరీ ఎక్కువైతే గుడ్డు తెల్లసొన కలిపి, ముద్ద కట్టి అడుగుకి చేరాక వేరు చేసే పద్ధతి కూడా పాతదే.

ఇప్పుడు బయటికి వద్దాం. కేప్ ప్రాంతం భూమధ్యరేఖకి దక్షిణంగా 34 డిగ్రీల దగ్గర ఉంది. వానలు చలికాలంలో, అంటే జూన్, జులై, ఆగస్టుల్లో పడతాయి. ఎండాకాలం పొడిగా ఉంటుంది. జనవరి చివర్లో కోతలు మొదలై మార్చి దాకా, కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా సాగుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకి అక్కడి పాత తోటలు చూస్తే ఇవి ద్రాక్షలేనా అనిపిస్తుంది. పందిరి లేదు, పాకే తీగ లేదు, మోకాలెత్తు మోడు మీద పొదలా నిలబడి ఉంటాయి. కాయ చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. తినడానికైతే ఇవన్నీ లోపాలే. వైన్‌కి మాత్రం కాయ ఎంత చిన్నదైతే రసానికి తొక్క పాళ్లు అంత ఎక్కువ, అదే కావాల్సింది. ఇంకో తేడా కూడా ఉంది. చలికాలంలో అక్కడి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర తీగకి ఆ నిద్ర లేదు, అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దాన్ని దారిలో పెడతాడు.

అంత ఎండలో పండిన ద్రాక్షలో పులుపు ఎలా మిగులుతుందన్నది అసలు ప్రశ్న. కాయలో ఉండే మాలిక్ ఆమ్లాన్ని తీగ ఊపిరి తీసుకుంటూ ఖర్చు చేసేస్తుంది. రాత్రి వేడిగా ఉంటే ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. పులుపు పోయిన ద్రాక్షతో చేసిన వైన్ చప్పగా, చెరుకు పానకం తీరుగా ఉంటుంది. కేప్‌ని కాపాడేది సముద్రం. పడమటి తీరం వెంట బెంగ్వెలా అనే చల్లటి ప్రవాహం ఉంది. దక్షిణాన ఫాల్స్ బే అనే అఖాతం మీద నుంచి మధ్యాహ్నం చల్లగాలి స్టెలెన్‌బాష్ వైపు వీస్తుంది. ఎండాకాలమంతా ఆగ్నేయం నుంచి వీచే పెనుగాలికి స్థానికులు "కేప్ డాక్టర్" అని పేరు పెట్టారు, ఊళ్లోని పొగనీ రోగాన్నీ ఊడ్చుకుపోతుందని. టేబుల్ మౌంటెన్ మీద తెల్లటి మబ్బు దుప్పటి పరిచేది ఈ గాలే. తోటలో అది ఆకుల తడి ఆర్పి బూజు తెగుళ్లు రానివ్వదు. కోపం వస్తే లేత కొమ్మలు విరిచేస్తుంది కూడా. ఉచితంగా వైద్యం చేసే డాక్టరు ఇంకెలా ఉంటాడు!

మరి రాతి సంగతి? "ఈ వైన్‌లో గ్రానైట్ రుచి తెలుస్తోందా?" అని గైడ్ అడుగుతాడు. తెలియదు. రాయి వేళ్ల గుండా కాయలోకి ఎక్కి రుచి ఇవ్వదు, మట్టి నుంచి తీగ తీసుకునే ఖనిజాలు నాలుకకి అందనంత కొద్ది. కానీ రాయి చేసే పని వేరే ఉంది. సైమన్స్‌బర్గ్, హెల్డర్‌బర్గ్ కొండల వాలుల్లో ఉన్న చివికిన గ్రానైట్ మట్టి లోతుగా ఉండి, నీళ్లని వదలాల్సినంత వదిలి ఉంచాల్సినంత ఉంచుతుంది. తీగకి మరీ నీళ్లు దొరికితే ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. కాస్త కరువు తగిలితేనే కాయ మీద మనసు పెడుతుంది. అయితే ఆ "కాస్త" చెయ్యి దాటితే ఏమవుతుందో 2015 నుంచి 2018 దాకా వచ్చిన కరువులో కేప్ రైతులు చూశారు. కేప్‌టౌన్ కుళాయిలే ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

ఆ నేలకే పుట్టిన ద్రాక్ష ఒకటుంది, పినోటాజ్. 1925లో స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అబ్రహాం పెరోల్డ్, పేరున్నదే కానీ పెంచడం కష్టమైన పినో న్వార్ అనే ద్రాక్షని, ఎండకి ఓర్చే సాన్సో అనే రకంతో సంకరం చేశాడు. సాన్సోని అప్పట్లో అక్కడ హెర్మిటేజ్ అనేవారు, రెండు పేర్లూ కలిపితే పినోటాజ్. వచ్చినవి నాలుగు గింజలు. వాటిని తన ఇంటి పెరట్లో నాటి, 1927లో ఉద్యోగం మారి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పెరడు పిచ్చిమొక్కలతో నిండింది. శుభ్రం చేయడానికి మనుషుల్ని పంపితే, అటుగా వచ్చిన చార్లీ నీహౌస్ అనే కుర్ర లెక్చరర్‌కి ఆ మొక్కల సంగతి తెలుసు కాబట్టి అవి బతికిపోయాయి. సీసా మీద పినోటాజ్ అన్న పేరు మొదటిసారి కనపడింది 1961లో.

దీనికి గిట్టనివాళ్లు తక్కువేం కాదు. పెయింటు కంపు కొడుతుందని ఒకప్పుడు పెదవి విరిచారు. సరిగ్గా పులియబెట్టకపోతే అలాగే ఉంటుంది. దానికి అలవాటైన ఇంకో వాసన అరటిపండుది, ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం వల్ల. పండిన అరటిలో ఉన్నదీ అదే. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగల్ని పిలవడానికి వదిలేదీ అదే.

ఈలోగా తోటలో ఊరేగింపు మొదలవుతుంది. స్టెలెన్‌బాష్ దగ్గర వెర్గెనూగ్ట్ అనే తోటలో వెయ్యికి పైగా బాతులు నిటారుగా మెడలు చాచి, బడి విడిచిపెట్టిన పిల్లల్లా వరసల మధ్యకి పరుగెత్తుతాయి. చిగుళ్లు తినే నత్తల్ని ఏరుకు తినడం వాటి ఉద్యోగం, మందు కొట్టే పని తగ్గుతుంది. కోతలైన వరిచేలలోకి బాతుల మందలు తోలడం చూసినవాళ్లకి ఇది వింతేమీ కాదు. ఈ జాతి పేరు ఇండియన్ రన్నర్, వాటి పుట్టిల్లు మాత్రం ఇండోనేషియా దీవులు.

కొండ గ్లాసులోకి వచ్చే రెండో దారికి వద్దాం. 2001లో ఫ్రాన్సులోని బోర్డోలో 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్ ఇచ్చి వాసనలు రాయమన్నారు. తర్వాత అదే తెల్ల వైన్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. ఎర్ర వైన్‌కి వాడే మాటలన్నీ దానికి రాసేశారు. వాళ్లు చదువుతున్నది వైన్ గురించే. 2008లో అమెరికాలో ఇంకో ప్రయోగం. మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి గొట్టంతో వైన్ చుక్కలు వేస్తూ ధర చెప్పారు. 5 డాలర్ల వైన్‌నే ఒకసారి 5 అనీ, ఇంకోసారి 45 అనీ చెప్పారు. 45 అన్నప్పుడు బాగుందన్నారు. మొహమాటానికి అన్నది కాదు, సుఖాన్ని లెక్కగట్టే మెదడు భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. ధర చెప్పకుండా ఇచ్చినప్పుడు ఆ తేడా మాయమైంది. కాబట్టి గది అద్దె, కిటికీలో కొండ, ట్రామ్ గంట, అన్నీ గ్లాసులో కలుస్తాయి. మోసం అనలేం. మెదడు రుచిని తయారుచేసే పద్ధతే అది.

ఆ కిటికీలో కనపడనివి కూడా ఉన్నాయి. డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన యాన్ ఫాన్ రీబెక్ కేప్‌లో మొదటి వైన్ తీసింది 1659 ఫిబ్రవరి 2న. స్టెలెన్‌బాష్ పుట్టింది 1679లో, కాన్‌స్టాన్షియా 1685లో. సెయింట్ హెలీనా దీవిలో బందీగా ఉన్న నెపోలియన్ తెప్పించుకున్న తీపి వైన్ ఈ కాన్‌స్టాన్షియాదే. ఆ తోటల్లో చాకిరీ చేసింది బానిసలు. ఆఫ్రికా, మడగాస్కర్, ఇండోనేషియాలతో పాటు బెంగాల్ నుంచీ, అదే కంపెనీకి మచిలీపట్నం, భీమునిపట్నంలో స్థావరాలున్న మన కోరమాండల్ తీరం నుంచీ ఓడల్లో తెచ్చినవాళ్లు.

1834లో బానిసత్వం చట్టపరంగా పోయాక కూడా "డాప్" మిగిలింది. డాప్ అంటే ఒక కొలత సారా లేదా వైన్. కూలిలో కొంత డబ్బుగా కాకుండా, అమ్ముడుపోని నాసిరకం వైన్‌గా రోజుకి చాలాసార్లు కొలిచి పోసేవారు. చట్టం వద్దన్నాక కూడా కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నడిచింది. కడుపుతో ఉన్న తల్లి తాగిన ఆల్కహాల్‌కి మావి (ప్లాసెంటా) అడ్డు కాదు, నేరుగా బిడ్డకి చేరుతుంది. దాన్ని విరిచే శక్తి ఆ పసి కాలేయానికి ఉండదు, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ రకం లోపంతో పుట్టే పిల్లల శాతం ప్రపంచంలో ఎక్కువగా నమోదైన చోట్లలో ఈ వైన్ జిల్లాలు ఉన్నాయి. తోటల పక్క ఊళ్లలోని బడుల్లో ఆ పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు.