ఫేక్ అకౌంట్ తీయించేస్తే పనైపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

కడప కోర్టులో సైబర్ కేసులు చూసే వకీలుగా నేను పదే పదే వినే మాట: "ఆ ఫేక్ అకౌంట్‌ను అందరితో రిపోర్ట్ కొట్టించి తీయించేసినాం సార్, ఇప్పుడు కేసు పెడదాం." జనాన్ని ఇంతగా ముంచే అపోహ ఇంకోటి లేదు.

అకౌంట్ పోయిందంటే దాని లింకు కూడా పోయినట్టే. తీరా స్టేషన్‌కు పోతే చేతిలో మిగిలేది ఒక స్క్రీన్‌షాట్. అందులో ఉండేది మీ ఫొటో, మీ పేరే. అది మీ అసలు అకౌంటో, దొంగదో ఎట్లా తేలుతుంది? ఏ నంబరుతో తెరిచారు, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ గుర్తింపు నంబరు) నుంచి వాడారు అని పోలీసులు కంపెనీని అడగాలంటే ప్రొఫైల్ లింకు ఉండాలి. ఖాతా రద్దయినా రిజిస్ట్రేషన్ వివరాలు 180 రోజులు ఉంచాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఏ ఖాతానో చూపించలేకపోతే ఏమని అడుగుతాం?

ప్రొద్దుటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ వచ్చారు. ఎవరో ఆయన ఫొటోతో ఫేస్‌బుక్ ఖాతా తెరిచి, ఆస్పత్రిలో ఉన్నానని కువైట్‌లోని మేనల్లుడికి మెసేజ్ పెట్టారు. అతను కంగారుపడి, ఇక్కడున్న భార్యతో 40 వేలు వేయించాడు. సారు కొడుకు మంచి ఉద్దేశంతోనే స్నేహితులందరితో రిపోర్ట్ కొట్టించాడు. సాయంత్రానికి ఖాతా మాయం. "నా పేరు చెప్పి అడుక్కున్నాడు కదయ్యా" అని సారు ఒకటే బాధపడ్డారు. మేనల్లుడు చాట్ తుడిచేయలేదు కాబట్టి సరిపోయింది. ఆ చాట్, డబ్బు పోయిన యూపీఐ ఐడీ, ఆ లావాదేవీకి పడిన 12 అంకెల యూటీఆర్ నంబరు, వీటిమీదే ఫిర్యాదు నిలబడింది.

అందుకే ముందు ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి లింకు కాపీ చేసుకోండి. చాట్ మొత్తం దాచుకోండి. ఫిర్యాదు చేశాకే రిపోర్ట్ కొట్టండి. డబ్బు పోయి ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా దొంగ బ్యాంకు ఖాతాలోనే ఉంటే ఆపించొచ్చు. మీ పేరు వాడి ఎవరో మోసం చేస్తే, ఆ డబ్బు మీరు కట్టాల్సిన పని లేదు. ఈ టెన్షన్‌తో నిద్రపోని వాళ్లను చూశాను, అందుకే చెబుతున్నా.

"డబ్బు పోలేదు కదా, కేసు కాదు" అనేదీ తప్పే. ఇంకొకరి పాస్‌వర్డ్, ఈ-సంతకం లాంటి గుర్తింపును దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం 66సీ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. డబ్బు పోవాలన్న షరతు అందులో లేదు. వేరొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే 66డీ, శిక్ష అంతే. భారతీయ న్యాయ సంహిత 319 కింద అయితే 5 ఏళ్ల వరకు పడొచ్చు. కొందరు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజ్‌లకు ఉండిన 66ఏ పెట్టమంటారు. సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది.

దొంగ ఏ రాష్ట్రంలో ఉన్నా మీ ఊరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం తమ పరిధిలోది కాకపోయినా స్టేషన్ నమోదు చేసేది) ఇవ్వొచ్చు.

ఇక "మీ ఆధార్‌తో సిమ్ తీసి నేరం చేశారు, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం" అని వీడియో కాల్ వస్తే కట్ చేయండి. మన చట్టంలో అట్లాంటి అరెస్టే లేదు. నిజంగానే అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకుని, మీది కానిదాన్ని అక్కడే రిపోర్ట్ చేయండి.