రెండో డిస్కులో రెండో ఓఎస్: అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటినుంచి సర్వీసుకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడుగుతున్నది ఇదే: "పాత విండోస్ కదపొద్దు, ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టి అందులో ఉబుంటు వేయండి." ఉబుంటు అంటే లైనక్స్ రకం ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్). మంచి ఆలోచనే. డీటీపీ చేసేవాళ్లకైతే మరీను. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ ఉండాలి, నెట్, బ్యాంకు పనులకేమో అప్‌డేట్లు వచ్చే ఓఎస్ కావాలి. అయితే ఈ పద్ధతి మీద జనంలో పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని డేటాకే ఎసరు పెడతాయి.

అపోహ: డిస్కులు వేరు కాబట్టి ఒకదాని జోలికి ఇంకోటి రాదు.

ఫైళ్ల వరకే అది నిజం. బూట్ సంగతి వేరు. ఇప్పటి సిస్టమ్స్‌లో ఓఎస్‌ను లేపే ఫైళ్లు ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటాయి. విండోస్ దాన్ని మామూలుగా 100 ఎంబీతో చేసుకుంటుంది. రెండో డిస్కులో ఉబుంటు వేసేటప్పుడు మొదటి డిస్కు కూడా తగిలించి ఉంటే, ఇన్‌స్టాలర్ చాలాసార్లు తన గ్రబ్‌ను (ఉబుంటును లేపే బూట్‌లోడర్) ఆ పాత ఈఎస్‌పీలోనే పెట్టేస్తుంది. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌లోనైతే బూట్‌లోడర్‌కి రెండో డిస్కును ఎంచుకున్నా మొదటిదాంట్లోకే వెళ్లేది. విండోస్ కూడా తక్కువేం తినలేదు. లైనక్స్ ఉన్న సిస్టమ్‌లో దాన్ని వేస్తే, అప్పటికే ఉన్న ఈఎస్‌పీలో తన ఫైళ్లు పెట్టుకుంటుంది.

ఇది వెంటనే బయటపడదు. ఎప్పుడో పాత డిస్కు పాడైందని తీసేస్తారు, లేదా ఫార్మాట్ కొడతారు. ఉబుంటు డిస్కు నిక్షేపంలా ఉంటుంది, అందులో ఫైళ్లన్నీ ఉంటాయి, కానీ సిస్టమ్ లేవదు. లేపాల్సిన ఫైలు పాత డిస్కుతోపాటే పోయింది మరి.

అందుకే ఓఎస్ వేసే ముందు మొదటి డిస్కును పీకి పక్కన పెట్టమంటాను. డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్ లాగడం నిమిషం పని, ఎం.2 అయితే ఒక స్క్రూ. ల్యాప్‌టాప్ విప్పడం కుదరకపోతే ఆ స్లాట్‌ను ఆపే ఆప్షన్ బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఉందేమో చూడండి. ఇన్‌స్టాలర్‌కు ఒక్క డిస్కే కనబడితే ఈఎస్‌పీని అక్కడే చేసుకోక తప్పదు. తప్పు డిస్కు తుడిచేసే ప్రమాదమూ ఉండదు. రెండూ 500 జీబీవే అయినప్పుడు స్క్రీన్ మీద వాటిని గుర్తుపట్టే ఆధారం మోడల్ నంబరే, కంగారులో దాన్ని ఎవరు చదువుతారు?

పని అయ్యాక రెండూ తగిలించి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో కావాల్సింది ఎంచుకోండి. డెల్, లెనోవోల్లో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఇప్పటికే ఓఎస్ వేసేసి ఉంటే ఒక్కో డిస్కునీ ఒంటరిగా పెట్టి ఆన్ చేసి చూడండి. రెండూ లేస్తే బెంగ లేదు.

అపోహ: డిస్కు పీకితే, బయోస్‌లో సెట్టింగ్ మారిస్తే డేటాకు ఏమీ కాదు.

బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో లేకపోతే ఏమీ కాదు. విండోస్ 11 24హెచ్2ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టమ్స్‌లో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. యజమానికి ఆ సంగతే తెలియదు. తర్వాత నమ్మకమైన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌నో బూట్ ఆర్డర్‌నో మారిస్తే, నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే పిల్లల ఫొటోలైనా, షాపు లెక్కలైనా ఏ మెకానిక్కూ తీసివ్వలేడు. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పనిని మాత్రం దయచేసి వాయిదా వేయకండి.

అపోహ: వేరే డిస్కులో ఉంటే విండోస్ అప్‌డేట్ లైనక్స్‌ను ఏమీ చేయలేదు.

2024 ఆగస్టులో చేసింది. ఆ నెల వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత ఎన్నో డ్యూయల్ బూట్ (రెండు ఓఎస్‌లున్న) సిస్టమ్స్‌లో లైనక్స్ "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని చూపించి ఆగిపోయింది. పాత బూట్‌లోడర్లను అడ్డుకునే నియమాన్ని ఆ అప్‌డేట్ మదర్‌బోర్డు మెమరీలో రాసింది. అందుకే లైనక్స్ ఏ డిస్కులో ఉన్నా తప్పించుకోలేకపోయింది. అలాంటప్పుడు సెక్యూర్ బూట్‌ను కాసేపు ఆపి, లైనక్స్‌ను పూర్తిగా అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయాలి. శాశ్వతంగా ఆపేయక్కర్లేదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ 10 నుంచి వచ్చినవన్నీ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే నడుస్తాయి.

అపోహ: రెండు ఓఎస్‌లు ఉంటే సిస్టమ్ స్లో అవుతుంది.

అవదు. ఒకసారికి నడిచేది ఒక్కటే.

అపోహ: విండోస్‌లో టైమ్ తప్పు చూపిస్తోందంటే సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు గడియారాన్ని నడిపేది) పోయినట్టే.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే బ్యాటరీ కొనకండి. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుని చదువుతుంది. లైనక్స్‌లో ఉదయం పది అయితే విండోస్‌లో నాలుగున్నర చూపిస్తుంది. లైనక్స్‌ను కూడా లోకల్ టైమే రాసేలా సెట్ చేస్తే సరిపోతుంది.

అలాగే లైనక్స్‌లో విండోస్ డ్రైవ్ తెరిచినా అందులో ఏమీ రాయనివ్వకపోతే డిస్కు పాడైందనుకోవద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో దాన్ని తీసేయండి.

అపోహ: ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ లేకపోతే ఇదంతా కుదరదు.

యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించే ఎస్ఎస్‌డీలో లైనక్స్ హాయిగా నడుస్తుంది. తిరిగే హార్డ్ డిస్కులో మాత్రం విసుగొస్తుంది. ఇక్కడా మళ్లీ గ్రబ్ గొడవే. అది లోపలి డిస్కులో పడిపోయి ఉంటే, బయటి డిస్కు పీకి ఆన్ చేసిన రోజు నల్ల స్క్రీన్ మీద "గ్రబ్" అన్న ఒక్క మాటే కనబడుతుంది. విండోస్ పోయిందనుకుని ఫార్మాట్‌కు ఇచ్చేయకండి. బూట్ మెనూ తెరిచి "విండోస్ బూట్ మేనేజర్" ఎంచుకుంటే మామూలుగా లేస్తుంది.