కొమ్ముకు రంగు చెట్టు ఇచ్చింది

మలక్‌పేటలో మా పెదనాన్నగారి డాబా మీద, మెట్లగది గోడకు ఒక దుప్పి కొమ్ముల జత ఉండేది. మా తాత కాలం నాటిది. మొన్న ఎండాకాలం కిందికి దించి చూస్తే ఎండ తగిలిన వైపు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, రుద్దితే వేలికి పొడి అంటింది. గోడ వైపు మాత్రం ఇంకా చింతగింజ రంగే.

ఆ రంగు అసలు కొమ్ముది కాదు. వనస్థలిపురం హరిణ వనస్థలిలో కనిపించే కృష్ణజింక కొమ్ము వేరు: ఎముక మీద మన గోళ్లలాంటి కెరటిన్ తొడుగు, బతికినంతకాలం ఊడదు. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల దుప్పిది అచ్చంగా ఎముక, అందులోనూ మగదానికే. రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. ఎదిగేటప్పుడు మెత్తటి నూగు చర్మం కప్పి ఉండి, నెత్తురు అందిస్తుంది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పెరిగాక ఆ చర్మం ఎండి పేలికలుగా ఊడుతుంది. అప్పుడు బయటపడేది తెల్లటి ఎముకే. దుప్పి దాన్ని చెట్లకేసి రాస్తుంది. బెరడులోని టానిన్లు, ఎండిన నెత్తురు గాలి తగిలి ముదిరి గోధుమ రంగు పట్టిస్తాయి. తంగేడు చెక్కతో తోళ్లు ఊనడంలో పనిచేసేదీ ఈ టానిన్లే. మొనలు మాత్రం రాపిడికి అరిగి తెల్లగా నిగనిగలాడతాయి.

అంటే రంగు పైపొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందు దాన్ని, తర్వాత ఎముకను పట్టి ఉంచే కొలాజెన్‌ను తెగ్గొడతాయి. వాన కడిగేస్తుంది. మిగిలేది పెళుసు ఖనిజం, నిలువునా బీటలు.

బాగుచేయడానికి ముందు కాగితం చూసుకున్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఇలాంటివి ఇంట్లో ఉంచుకోకూడదు. అడవిలో రాలి దొరికినవైనా సరే, తెచ్చుకోవద్దు, కొనొద్దు. పెదనాన్న ట్రంకుపెట్టెలో పత్రం భద్రంగా ఉంది.

పొడిని మెత్తటి బ్రష్షుతో దులిపాం. నీళ్లలో నానబెట్టలేదు, ఉబ్బి బీటలు పెరుగుతాయి. చిక్కటి టీ డికాషన్ రెండు పూతలు వేస్తే లేత రంగే వచ్చింది. అప్పుడు పొటాషియం పర్మాంగనేట్, అదే బావుల్లో వేసే ఊదా పలుకులు, నీళ్లలో పలచగా కలిపాం. కుంచె గీసిన చోట ముందు వంకాయ రంగు. చూస్తుండగానే అంచుల నుంచి గోధుమగా తిరిగింది. ఎముకలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరిస్తూ పర్మాంగనేట్ తానే మాంగనీస్ డయాక్సైడ్‌గా మారి అక్కడే దిగబడుతుంది. గుల్లబారిన చోట ఎక్కువ పీల్చుకుంటుంది, అందుకే ఒక్క చిక్కటి పూత కంటే నాలుగు పలచటివి నయం. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఈ పలుకుల దగ్గరికి గ్లిజరిన్ రానివ్వొద్దు, మంట లేస్తుంది.

ఆరాక మొనలను సన్నటి గరుకు కాగితంతో తెల్లబడేదాకా రుద్దాం. నాకు అన్నిటికంటే నచ్చిన పని అదే, దుప్పి చేసే పనే కదా. చివర్న మైనం పట్టించాం. గోడవైపు పాత రంగును ముట్టుకోలేదు. ఇప్పుడు కొమ్ములు హాల్లో, ఎండ రాని గోడకు ఉన్నాయి.